జనం ఎవరి కోసం వస్తారు? అంతర్జాతీయ కబడ్డీ రేపటిపై ఒక సమీక్ష

కర్నూలు జిల్లా పడమటి కొసన, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న హొళగుంద మండలంలో ఏటా విజయదశమి రాత్రి దేవరగట్టు కొండ కింద ఇసుక వేస్తే రాలనంత జనం చేరుతారు. టికెట్టు లేదు, కుర్చీ లేదు, ప్రకటన లేదు. మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం ముగిశాక ఉత్సవ విగ్రహాలను కాపాడుకోవడానికి నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్ళ వాళ్ళు ఒక వైపు, వాటిని దక్కించుకోవాలని చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు మరో వైపు నిలుస్తారు. పత్రికలు కర్రల సమరం అని రాసే ఈ బన్ని ఉత్సవంలో ఏటా తలలు పగులుతున్నాయి, కొన్నేళ్ళలో ప్రాణాలు కూడా పోయాయి. ఆ హింసను సమర్థించే వీలు లేదు. అయితే జనం ఎందుకు కదులుతారన్న ప్రశ్నకు ఈ గట్టు దగ్గర స్పష్టమైన జవాబు దొరుకుతుంది. ఏ రాత్రి రావాలో అందరికీ తెలుసు. తాను ఎవరి పక్షమో ప్రతి మనిషికీ పుట్టుకతోనే తెలుసు. ఈ రెండూ తెలిసిన చోటికి జనం పిలవకుండానే వస్తారు.

ఆ రెండు కొలతలతో ఈ వ్యాసం చూడదలచింది మన చెడుగుడు సంగతి. కబడ్డీ పేరుతో అది దేశాల మధ్య ఆటగా మారి నాలుగు దశాబ్దాలు దాటింది. టీవీలో కోట్ల మంది చూస్తున్నారు. అయినా భారత జట్టు మరో దేశంతో ఆడే మ్యాచ్ ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందని అడిగితే దేవరగట్టు దగ్గరి ఆదోనిలోనే కాదు, హైదరాబాద్‌లో కూడా చెప్పగలిగినవాళ్ళు తక్కువ. ఎందుకిలా? ఇదే ఇబ్బందిని నూరేళ్ళకు పైగా మోస్తున్న మరో ఆట ప్రపంచంలో ఉంది. అది రగ్బీ లీగ్. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మన ఆటకు దారి ఎటో తెలుస్తుంది.

మట్టి బరి నుంచి బీజింగ్ దాకా

కబడ్డీని ప్రపంచానికి చూపే ప్రయత్నం 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నాడే జరిగింది. మహారాష్ట్రలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ బృందం అక్కడ దేశీయ వ్యాయామాలతో పాటు ఈ ఆటనూ ప్రదర్శించింది. 1950లో జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1974లో భారత జట్టు బంగ్లాదేశ్‌లో పర్యటించింది. 1980లో కలకత్తాలో తొలి ఆసియా ఛాంపియన్‌షిప్, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ప్రదర్శన ఆట, చివరికి 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకం ఉన్న ఆట. అప్పటి నుంచి 2014 దాకా ఏడు ఆసియా క్రీడల్లోనూ పురుషుల స్వర్ణం మనదే.

ఈ ప్రయాణంలో తెలుగువాళ్ళ చెయ్యి కూడా ఉంది. కోచ్‌గా ద్రోణాచార్య పురస్కారం అందుకున్న ఇ. ప్రసాదరావు ఆటను బయటి దేశాలకు నేర్పినవాళ్ళలో ఒకరు. 2018 జనవరిలో జాతీయ సీనియర్ పోటీలు హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగాయి. వీటికి తోడు ఊరూరా సంక్రాంతికి, ఉగాదికి, జాతరలకు జరిగే పోటీలు ఎలాగూ ఉన్నాయి. కూతకెళ్ళిన కుర్రవాడు గీత దాటి తిరిగొచ్చే లోపల బరి చుట్టూ నిలబడ్డ ఊరంతా ఊపిరి బిగబట్టే ఆట ఇది.

ప్రపంచ కప్‌ల చరిత్ర మాత్రం ఇంత నిండుగా లేదు. 2004లో ముంబైలో మొదటిది, 2007లో పన్వేల్‌లో రెండోది. తర్వాత తొమ్మిదేళ్ళ విరామం. 2016లో అహ్మదాబాద్‌లో పన్నెండు జట్లతో మూడోది. మూడు ఫైనళ్ళలోనూ ఇరాన్‌పై భారత్ గెలిచింది. మహిళల కప్పు కథ ఇంకా పలచన. 2012లో పట్నాలో జరిగాక మళ్ళీ 2025 నవంబరులో ఢాకాలో గానీ జరగలేదు. పదమూడేళ్ళంటే ఒక క్రీడాకారిణి ఆట జీవితం మొత్తం. మధ్యలో ఎదిగి, ఆడి, విరమించుకున్న అమ్మాయిలకు ప్రపంచ కప్ అన్నదే తెలియదు.

లీగ్ నింపిన గ్యాలరీ

2014 జులై 26న ప్రొ కబడ్డీ లీగ్ మొదలైంది. తొలి సీజన్‌ను టీవీలో 43.5 కోట్ల మంది చూశారని లెక్క తేలింది. ఆ ఏడాది ఐపీఎల్ తర్వాతి స్థానం దానిదే. ముప్పై సెకన్ల కూత, డూ ఆర్ డై రైడ్, మ్యాట్ మీద వెలుగులు, దగ్గరగా చూపే కెమెరాలు కలిసి పల్లె ఆటను రాత్రి భోజనం వేళకు ఇంట్లోకి తెచ్చాయి. 2018 చివర్లో తెలుగు వ్యాఖ్యానంతో ప్రత్యేక క్రీడా ఛానల్ వచ్చాక ఊళ్ళో పెద్దవాళ్ళు కూడా బోనస్ పాయింటు, సూపర్ ట్యాకిల్ అని మాట్లాడటం మొదలైంది.

తెలుగు టైటాన్స్‌కు విశాఖ, హైదరాబాద్ రెండూ సొంత ఊళ్ళయ్యాయి. 2016 జులై 31న నాలుగో సీజన్ ఫైనల్, 2024 మార్చి 1న పదో సీజన్ ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగాయి. ఏడేళ్ళ తర్వాత 2025 ఆగస్టులో పన్నెండో సీజన్‌కు విశాఖ తలుపులు తెరిచింది. టైటాన్స్ ఒక్కసారి కూడా కప్పు గెలవకపోయినా అభిమానం చెక్కుచెదరలేదు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన రాహుల్ చౌదరి, మహారాష్ట్ర సిద్ధార్థ్ దేశాయ్, ఢిల్లీ పవన్ సెహ్రావత్ తెలుగు ఇళ్ళలో మన పిల్లలే అన్నట్టు అయిపోయారు. పదో సీజన్ వేలంలో పవన్‌కు టైటాన్స్ పెట్టిన ధర 2 కోట్ల 60 లక్షల రూపాయలు దాటింది.

ఇందులో ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. జనాన్ని కదిలించింది ఆటగాడి పుట్టిన ఊరు కాదు. తన ప్రాంతం పేరు మోసే ఒక జట్టు ఉండటం, అది ఏడాదికోసారి కచ్చితంగా ఆడటం, తెలిసిన ముఖాలు మళ్ళీ మళ్ళీ కనిపించడం వాళ్ళను కదిలించాయి. కరోనా వల్ల ఎనిమిదో సీజన్ మొత్తం బెంగళూరులోని ఒక హోటల్లో ప్రేక్షకులు లేకుండా సాగింది. పోటీలో లోటు లేకున్నా, కూత వెళ్ళినవాడికి హోరు లేదు, పట్టుకున్నవాడికి ఈల లేదు. జనం ఆటలో భాగమేనని ఆ సీజన్ చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

అంతర్జాతీయ కబడ్డీకి ఈ లీగ్ మేలు చేసిందా, కీడు చేసిందా అన్నదానిపై రెండు వాదాలున్నాయి. మేలు చేసిందనేవాళ్ళు ఇరాన్‌ను చూపిస్తారు. ఫజల్ అత్రాచలి, మొహమ్మద్‌రెజా షాద్లూయి, టైటాన్స్ తరఫున ఆడిన మెరాజ్ షేఖ్ ఇక్కడే రాటుదేలారు. కీడు చేసిందనేవాళ్ళు క్యాలెండరును చూపిస్తారు. ఏడాదిలో నెలల తరబడి లీగే ఆక్రమిస్తే దేశాల మ్యాచ్‌లకు వారాలు మిగలవు, జీతమిచ్చే జట్టుదే పైచేయి అవుతుంది. రెండు వాదాల్లోనూ నిజం ఉంది. లీగ్ ఆటగాళ్ళను తయారుచేసి పెట్టింది. వాళ్ళను దేశం పేరుతో జనం ముందు నిలబెట్టే పని ఎవరూ తలకెత్తుకోలేదు.

రగ్బీ లీగ్: పోయిన కూలి నుంచి పుట్టిన ఆట

1895 ఆగస్టు 29న ఇంగ్లండ్ ఉత్తరాన హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్లో కొన్ని క్లబ్బులు కూడి పాత రగ్బీ సంఘం నుంచి విడిపోయాయి. కారణం కూలి. మిల్లుల్లో, గనుల్లో పనిచేసే ఆటగాళ్ళు శనివారం ఆడితే పని పోయేది, కూలి పోయేది. పోయిన కూలికి పరిహారం ఇస్తామంటే డబ్బున్న పెద్దమనుషులు ఒప్పుకోలేదు. ఆ తగువులోంచి పుట్టిన ఆటే తర్వాత జట్టుకు పదమూడు మందితో, ఆరు ట్యాకిళ్ళలోపు బంతిని గీత దాటించాల్సిన రగ్బీ లీగ్ అయింది. ఎదుటివాడిని పట్టుకుని కదలకుండా ఆపడంలో అది మన కబడ్డీకి దగ్గరి చుట్టం. పుట్టుకలోనూ అది శ్రమజీవుల ఆట.

1954లో ఫ్రాన్స్‌లో ప్రపంచ కప్ పెట్టారు. అప్పటి నుంచి దాని అంతర్జాతీయ జీవితం ఆటుపోట్లతోనే నడిచింది. 1992లో వెంబ్లీలో ప్రపంచ కప్ ఫైనల్‌కు 73 వేల మందికి పైగా వచ్చారు. 2000 కప్పులో రైళ్ళ అంతరాయాలు, చెడు వాతావరణం, ఏకపక్ష మ్యాచ్‌లు కలిసి గ్యాలరీలను ఖాళీ చేశాయి, నిర్వాహకులు నష్టపోయారు. తర్వాతి కప్పు కోసం ఎనిమిదేళ్ళు ఆగాల్సి వచ్చింది. 2013లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఫైనల్‌కు 74,468 మంది వచ్చారు. 2025 కప్పు ఫ్రాన్స్‌లో జరగాల్సింది. 2023 మేలో ప్రభుత్వ ఆర్థిక హామీ అందక ఫ్రాన్స్ తప్పుకుంది, కప్పు 2026కు ఆస్ట్రేలియాకు మారింది. ఒక్క ఫైనల్ నిండినంత మాత్రాన ఆట నిలబడదనడానికి ఈ చరిత్రే సాక్ష్యం. పండగ రోజు నిండిన మైదానం వెనక మామూలు రోజుల క్రమం లేకపోతే తర్వాతి పండగకు భరోసా ఉండదు.

ఆస్ట్రేలియా లీగ్ బలం ముందు దేశాల ఆట చాలాకాలం చిన్నబోయింది. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల మధ్య జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్‌కు 80 వేల మంది రావడం అక్కడ మామూలే. అదే ఆస్ట్రేలియా జట్టు ప్రపంచ కప్పును పన్నెండు సార్లు గెలిచింది. ఎప్పుడూ ఒకరే గెలిచే చోట జనం ఆసక్తి ఎలా తగ్గుతుందో మన కబడ్డీ వాళ్ళకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

టోంగా నేర్పింది

ఆ ఆటలో గాలి మళ్ళించింది పసిఫిక్ మహాసముద్రంలోని ఒక చిన్న దేశం. 2017 ప్రపంచ కప్ ముందు జేసన్ టౌమలోలో, ఆండ్రూ ఫిఫిటా వంటి పెద్ద ఆటగాళ్ళు న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలకు ఆడే అవకాశం వదులుకుని తమ పూర్వీకుల దేశమైన టోంగా తరఫున బరిలోకి దిగారు. టోంగా న్యూజిలాండ్‌ను ఓడించింది. ఆక్లండ్‌లో ఇంగ్లండ్‌తో సెమీఫైనల్ రోజు మైదానమంతా ఎర్ర జెండాలు, టోంగన్ పాటలు. రెండేళ్ళకు 2019లో టోంగా ఏకంగా ఆస్ట్రేలియానే ఓడించింది. 2022లో జరిగిన ప్రపంచ కప్‌లో సమోవా ఒక్క పాయింటు తేడాతో ఇంగ్లండ్‌ను ఓడించి ఫైనల్‌కు వెళ్ళింది. 2025 అక్టోబరులో బ్రిస్బేన్‌లో టోంగా, సమోవా తలపడితే 40 వేలకు పైగా జనం వచ్చారు. రెండూ పరాయి జట్లే, ఆడింది ఆస్ట్రేలియా గడ్డ మీద. వచ్చినవాళ్ళలో ఎక్కువ మంది అక్కడికి బతుకుతెరువుకు వెళ్ళిన ద్వీపాల కుటుంబాల పిల్లలు.

ఇంగ్లండ్, ఆస్ట్రేలియా మధ్య యాషెస్ సిరీస్ 2003 తర్వాత ఆగిపోయి 2025లో మళ్ళీ జరిగితే వెంబ్లీకి 60 వేలు, లివర్‌పూల్‌లోని ఎవర్టన్ కొత్త స్టేడియానికి 52 వేలు దాటి వచ్చారు. మూడు మ్యాచ్‌లూ ఆస్ట్రేలియానే గెలిచింది. అయినా జనం వచ్చారంటే గెలుపోటములను మించిన కారణం ఉంది. తండ్రులు చెప్పగా విన్న పోటీ మళ్ళీ తమ ఊరికి వచ్చింది. ఇక పాపువా న్యూ గినీలో రగ్బీ లీగ్ జాతీయ ఆటలాంటిది. ఆస్ట్రేలియా ప్రభుత్వ సాయంతో 2028 నుంచి పాపువా న్యూ గినీ జట్టు ఆస్ట్రేలియా లీగ్ అయిన ఎన్‌ఆర్‌ఎల్‌లో ఆడబోతోంది.

ఈ అనుభవాల సారం రెండు మాటల్లో చెప్పవచ్చు. గుంపును తెచ్చేది ప్రపంచ కప్ అన్న పేరు కాదు, తనదనుకునే జట్టు. ఆ జట్టుకు గెలిచే అవకాశం కొంతైనా ఉండాలి, లేకపోతే తరాలుగా నడుస్తున్న వైరమైనా ఉండాలి. అంతర్జాతీయ కబడ్డీలో ఈ రెండింటికీ ముడిసరుకు పుష్కలంగా ఉంది. దాన్ని వాడుకోవడం లేదు.

ఒకే దేశం గెలిచే ఆట అన్న అపవాదు

కబడ్డీ మీద తరచూ వినిపించే విమర్శ, భారత్ తప్ప మరెవరూ గెలవరని. ఇది ఇప్పుడు పూర్తి నిజం కాదు. 2016 ప్రపంచ కప్ తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 34-32తో మనల్ని ఓడించింది. 2018 జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్లో ఇరాన్ 27-18తో గెలిచింది. మన పురుషులు కాంస్యంతో తిరిగొచ్చారు. మహిళల ఫైనల్లోనూ ఇరాన్ 27-24తో స్వర్ణం పట్టుకుపోయింది. 2023లో హాంగ్జౌలో మహిళల ఫైనల్లో చైనీస్ తైపీపై మన గెలుపు 26-25, ఒక్క పాయింటు తేడా. ఆ స్వర్ణంతోనే ఆ క్రీడల్లో భారత్ పతకాలు వందకు చేరాయి. ఇరాన్‌తో పురుషుల ఫైనల్ నిబంధనల మీద వాదనతో చాలాసేపు ఆగిపోయి, చివరికి 33-29తో మనకు దక్కింది.

కాబట్టి పోటీ ఉంది. ఇరాన్‌తో మనకున్నది నిజమైన వైరం, తెలుగు అభిమానికి రెండు వైపులా ముఖాలు తెలిసిన వైరం. పాకిస్తాన్ ఉంది. కబడ్డీ జాతీయ క్రీడగా ఉన్న బంగ్లాదేశ్ ఉంది. ఆ దేశం 2021 నుంచి ఢాకాలో బంగబంధు కప్ పేరుతో దేశాల టోర్నీ పెట్టి, 2021, 2022 ఫైనళ్ళలో కెన్యాను ఓడించింది. కెన్యా ఆటగాళ్ళు ఫైనల్ దాకా రావడం చూస్తే ఆట సరిహద్దులు దాటగలదని నమ్మకం కలుగుతుంది. కబడ్డీ బలహీనత పోటీ లేకపోవడంలో లేదు. ఉన్న పోటీని నాలుగేళ్ళకోసారి ఆసియా క్రీడల్లో చూపించి మూటకట్టి అటకెక్కించడంలో ఉంది. 2018 జూన్‌లో దుబాయ్‌లో ఆరు జట్ల మాస్టర్స్ టోర్నీ జరిగింది, ఫైనల్లో ఇరాన్‌ను మనం సులువుగా ఓడించాం. రెండు నెలల్లో జకార్తాలో అదే ఇరాన్ కసి తీర్చుకుంది. అంత వేడి మీద ఉన్న వైరాన్ని వెంటనే హైదరాబాద్‌కో విశాఖకో తెచ్చి మూడు మ్యాచ్‌ల సిరీస్ ఆడించి ఉంటే గ్యాలరీ నిండేది కాదా?

తేదీ లేదు, పెద్ద దిక్కూ లేదు

మన దేశంలో కబడ్డీ పాలన కొన్నేళ్ళు కోర్టుల నీడలో నడిచింది. జాతీయ సమాఖ్య పగ్గాలు 2018 నుంచి ఢిల్లీ హైకోర్టు నియమించిన అధికారి చేతిలో ఉండిపోయాయి. ఎన్నికైన సంఘం లేనందుకు అంతర్జాతీయ గుర్తింపు సమస్య ఎదురైంది. మన అమ్మాయిలు ఆసియా ఛాంపియన్‌షిప్‌కు వెళ్ళగలరా లేదా అన్న స్థితి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో ఎన్నికైన సంఘానికి బాధ్యతలు దక్కాయి. ఆ మార్చిలో టెహ్రాన్ వెళ్ళిన మన మహిళలు ఇరాన్‌ను వాళ్ళ గడ్డ మీదే ఓడించి కప్పు తెచ్చారు. సంఘాల తగువు ఏ రోజు ఎవరి కడుపు కొడుతుందో ఆ అమ్మాయిలను అడగాలి.

అంతర్జాతీయంగానూ రెండు గొడుగులున్నాయి. ఆసియా క్రీడల ఆటను నడిపే అంతర్జాతీయ కబడ్డీ సమాఖ్య ఒకటి, వరల్డ్ కబడ్డీ పేరుతో మరొకటి. 2025 మార్చిలో ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్, కోవెంట్రీ ప్రాంతంలో ప్రపంచ కప్ పెట్టింది ఈ రెండోది. ఏది అసలు ప్రపంచ కప్ అని అభిమాని అడిగితే చెప్పే నాథుడు లేడు. పంజాబ్ శైలి వృత్తాకార కబడ్డీకి మళ్ళీ వేరే కప్పులు. ఢాకాలో జరిగిన మహిళల కప్పుకు కూడా వేదికగా మొదట రాజ్‌గిర్, తర్వాత హైదరాబాద్ పేర్లు వినిపించాయి. చివరికి నవంబరులో ఢాకాలో ఆడి, ఫైనల్లో చైనీస్ తైపీపై 35-28తో మన జట్టే గెలిచింది. వేదిక ఇలా మారుతూ పోతే సెలవు పెట్టుకుని, బస్సు టికెట్టు కొనుక్కుని వచ్చే అభిమాని ఎక్కడికి రావాలి? దేవరగట్టుకు వచ్చే జనానికి ఈ బెంగ లేదు. దశమి ఎప్పుడో పంచాంగం చెబుతుంది.

టీవీ ఉండగా మైదానం ఎందుకు?

ప్రసార హక్కులే డబ్బు తెస్తాయి, ఇండోర్ హాల్లో పట్టేది కొన్ని వేల మందే, అక్కడి జనం లెక్కతో పనేముంది అనే వాదం బలంగానే ఉంది. మన దేశంలో 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్ (ఇది పైన చెప్పిన రగ్బీ లీగ్ ఆట కాదు) ఆ దారి పట్టింది. హైదరాబాద్ హీరోస్ సహా ఆరు జట్లు పెట్టి, తొలి సీజన్ మ్యాచ్‌లన్నీ ముంబైలోనే ఆడించారు. కొత్త ఆటకు ఖర్చు తగ్గించుకునే పద్ధతిగా దాన్ని అర్థం చేసుకోవచ్చు. కానీ హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఒక్కసారీ ఆడకపోతే, ఆ పేరు ఆ ఊరిదని ఎవరు నమ్ముతారు?

టీవీ వెలుగు త్వరగా పాకుతుంది, త్వరగానే మళ్ళుతుంది. ఛానల్ మార్చడానికి ఒక వేలు చాలు. మైదానానికి వచ్చినవాడు మాత్రం బస్సు చార్జీ పెట్టాడు, పిల్లలను భుజాన ఎక్కించుకున్నాడు, గొంతు పోయేదాకా అరిచాడు. మరుసటి ఏడాది ఆట ఎక్కడని అడిగేది అతనే. ఆట నేర్పించమని కొడుకును, కూతురిని వ్యాయామ ఉపాధ్యాయుడి దగ్గరికి తీసుకెళ్ళేదీ అతనే. ఒలింపిక్స్‌లో చోటు కావాలంటే చాలా దేశాల్లో ఆట నిజంగా వేళ్ళూనినట్టు చూపించాలి. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి, 2036 ఒలింపిక్స్ కోసం భారత్ ప్రయత్నిస్తోంది. ఆ వాదన పెట్టే రోజున మనం చూపించాల్సినవి నిండిన మైదానాలు. 2025 జనవరిలో ఢిల్లీలో తొలి ప్రపంచ కప్ పెట్టి, పురుషుల్లో ఇరవై జట్లను రప్పించిన ఖో ఖో మనకంటే వెనక మొదలై ఈ సంగతి ముందే గ్రహించినట్టుంది.

మహిళల ఆటకు ఈ మాట ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. 2016లో మూడు జట్లతో మహిళల ఛాలెంజ్ పెడితే దాని ఫైనల్ కూడా హైదరాబాద్‌లోనే జరిగింది, ఒకే ఒక్క పాయింటు తేడాతో తేలింది. అంత బిగువైన ఫైనల్ చూసి కూడా దాన్ని ఏటేటా నడిచే లీగ్‌గా పెంచలేదు. ప్రపంచ విజేతలైన అమ్మాయిలకు ఏటా సొంత జనం ముందు ఆడే వేదిక లేకపోవడం అన్యాయం.

ఆదోని నుంచి చూస్తే

ఆదోని, ఎమ్మిగనూరు, హొళగుంద ప్రాంతంలో జనానికి కొదవ లేదు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దర్శనం, మంత్రాలయం ఆరాధనోత్సవాలు లక్షల మందిని లాగుతాయి. జాతరల్లో ఎడ్ల బండలాగుడు పోటీలు పెడితే పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఎండలో నిలబడి చూస్తారు. తెలుగు, కన్నడ రెండూ మాట్లాడే ఊళ్ళు. సరిహద్దు అవతల సిరుగుప్ప, బళ్ళారి వైపు నుంచి కూడా జట్లు, చుట్టాలు వస్తారు. దేశాల మధ్య ఆటకు ఎలాంటి మనసు కావాలో, అంటే పొరుగువాడితో పోటీ పడి మళ్ళీ కలిసి భోంచేసే మనసు, అది ఇక్కడ అలవాటే.

లేనిది దారి. ఈ నేల తుంగభద్ర కాలువ నీళ్ళు అందిన చోట పచ్చగా, అందని చోట బీడుగా ఉంటుంది. పత్తి ఏరాక, పనులు తగ్గాక, కుటుంబాలు మిరపకాయ కోతకు గుంటూరు వైపు, కట్టడం పనులకు బెంగళూరు వైపు వలస పోతాయి. పిల్లలూ వెంట పోతారు. మండల స్థాయిలో మెరిసిన కుర్రవాడు జిల్లా పోటీల వేళకు ఏ మిరప తోటలోనో ఉంటాడు. శిబిరానికి వెళ్తే ఆ రోజుల కూలి పోతుంది. 1895లో హడర్స్‌ఫీల్డ్ మిల్లు కార్మికుడు అడిగిన ప్రశ్నే హొళగుంద కుర్రవాడూ అడుగుతున్నాడు: ఆడిన రోజు కూలి ఎవరిస్తారు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పినందుకే రగ్బీ లీగ్ అనే ఆట పుట్టింది. మనం జవాబు చెప్పకపోతే ఎన్ని కోట్ల వేలాలు జరిగినా ఈ ఊళ్ళ నుంచి ఆటగాడు పైకి రాడు, తమవాడు లేని జట్టు మీద ఈ ఊళ్ళకు మమకారం పూర్తిగా కుదరదు.

2023 డిసెంబరు 26న మొదలైన ఆడుదాం ఆంధ్రా కార్యక్రమం గ్రామ, వార్డు సచివాలయం స్థాయి నుంచి కబడ్డీ, ఖో ఖో, వాలీబాల్, క్రికెట్, బ్యాడ్మింటన్ పోటీలు పెట్టి 2024 ఫిబ్రవరిలో విశాఖలో ముగించింది. దాని మంచిచెడ్డల మీద రాజకీయ వాదనలు ఎన్నున్నా, ఊరి బరి నుంచి రాష్ట్ర ఫైనల్ దాకా మెట్లు వేయవచ్చని అది చూపింది. ప్రభుత్వం మారితే మెట్లు కూలిపోకూడదు. మట్టి బరిలో పెరిగిన పిల్లలు ఒక్కసారిగా మ్యాట్ మీద ఆడాల్సి వస్తే అడుగు పట్టు తప్పుతుంది. మండలానికో మ్యాట్, దాన్ని భద్రపరిచే గది, నేర్పే మనిషి ఉండటం పెద్ద కోరికేమీ కాదు.

ప్రవాసాన్ని కూడా మరువకూడదు. పంజాబీలు కెనడా, ఇంగ్లండ్ వెళ్తూ తమ కబడ్డీని వెంట తీసుకెళ్ళారు. టోంగా, సమోవా కుటుంబాలు బ్రిస్బేన్, ఆక్లండ్ గ్యాలరీలను నింపాయి. డల్లాస్, మెల్‌బోర్న్, లండన్‌లలో తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. 1977 నుంచి తానా వంటి సంఘాలు పెద్ద సమ్మేళనాలు నడుపుతున్నాయి. వాటిలో సినిమాకు, సంగీతానికి దొరికే చోటులో కొంత చెడుగుడుకు దొరికితే, అక్కడ పుట్టిన పిల్లలు రేపు అమెరికా, ఆస్ట్రేలియా జట్లలో ఆడతారు. బలమైన మరో దేశం అలాగే తయారవుతుంది.

ఏం చేయాలి?

మొదటిది, తేదీ. భారత్, ఇరాన్, బంగ్లాదేశ్, చైనీస్ తైపీ, కొరియా, థాయిలాండ్, నేపాల్ వంటి జట్లతో, వీలు కుదిరితే పాకిస్తాన్‌తోనూ, ఏటా ఒకే వారంలో జరిగే సొంతగడ్డ సిరీస్ ఉండాలి. లీగ్ నిర్వాహకులు ఆ వారాన్ని ముట్టుకోకూడదు. సంక్రాంతి తర్వాతి వారం అందుకు అనువైనది, ఊరంతా ఇంటికి వచ్చి ఉంటుంది.

రెండోది, చోటు. ప్రతి మ్యాచ్‌నూ పెద్ద నగరాల ఏసీ హాళ్ళకే కట్టేయకూడదు. ఏటా ఒక మ్యాచ్ కర్నూలు, అనంతపురం, నల్గొండ, శ్రీకాకుళం వంటి చోటుకు రావాలి. ఆరుబయట మ్యాట్ పరిచి, తాత్కాలిక గ్యాలరీలు కడితే ఇండోర్ హాల్లో పట్టేవాళ్ళకు అనేక రెట్ల మంది చూడొచ్చు. ముందు మండల జట్ల మధ్య పోటీ, ఆ తర్వాత దేశాల పోటీ. అదే బరి మీద మహిళల మ్యాచ్ కూడా అదే రోజు జరగాలి.

మూడోది, టికెట్టు. రోజు కూలి మనిషి ఇద్దరు పిల్లలతో వచ్చి చూడగల ధర ఉండాలి. 2022లో ఇంగ్లండ్‌లో రగ్బీ లీగ్ ప్రపంచ కప్ టికెట్ల ధరల మీద వచ్చిన విమర్శ మనకు ముందస్తు హెచ్చరిక. వచ్చినవాళ్ళ సంఖ్యను ప్రతి మ్యాచ్‌కూ నిజాయితీగా ప్రకటించాలి. లెక్క దాచిన ఆటకు రోగం ఎక్కడుందో తెలియదు.

నాలుగోది, కూలి. జిల్లా, రాష్ట్ర శిబిరాలకు ఎంపికైన ప్రతి ఆటగాడికీ, క్రీడాకారిణికీ శిబిరం రోజులకు కనీస వేతనంతో సమానమైన భత్యం ఇవ్వాలి. వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్ళలోనే ఆట శిక్షణ కలపాలి. లీగ్ ఆదాయంలో చిన్న వాటా ఈ పనికి చాలు.

ఐదోది, ఒకే గొడుగు. రెండు అంతర్జాతీయ సంస్థలు ఒక ప్రపంచ కప్ మీద ఒప్పందానికి రావాలి. భారత సమాఖ్యకు ఈ విషయంలో అందరికంటే ఎక్కువ బలం ఉంది కాబట్టి బాధ్యత కూడా దానిదే. ఆట మీద ప్రేమ ఉంటే పీటల కోసం తగువు ఆపాలి.

జనం లేరన్న మాట ఈ నేల మీద నమ్మదగింది కాదు. దేవరగట్టులో ఏటా నిలిచే ఆవేశానికి నిబంధనలున్న బరిని, రక్తం చిందని పోటీని చూపించగల ఆట కబడ్డీ. హొళగుంద, ఆలూరు, కౌతాళం కుర్రవాళ్ళు ఆ బరిలో కూత పెట్టి ఇరాన్ డిఫెండర్‌ను తాకి తిరిగొచ్చే రోజు కోసం వేల మంది ఎదురుచూడటానికి సిద్ధంగా ఉన్నారు. సమాఖ్యలు, ప్రభుత్వాలు, లీగ్ యజమానులు చేయాల్సింది ఆ రోజును పంచాంగంలో ముందే రాసిపెట్టడం, ఆడేవాడి కూలికి పూచీ పడటం. ఈ రెండూ జరిగితే అంతర్జాతీయ కబడ్డీ భవిష్యత్తు గురించి ఇక ఎవరూ సందేహపడనవసరం లేదు.